సగ, పెండ్లి, భూమి: హైమన్‌డార్ఫ్ గోండు గ్రంథాలపై ఒక విమర్శ

వివాహం రెండు కుటుంబాల సొంత వ్యవహారమనీ, రాజకీయం పదిమందికీ సంబంధించిన బహిరంగ వ్యవహారమనీ నగరవాసులలో ఒక నమ్మకం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి ముప్పై లక్షలకు మించిన ఓటర్లతో దేశంలోనే అతిపెద్ద నియోజకవర్గంగా పేరుపడిన మల్కాజ్‌గిరిని చూస్తే ఈ నమ్మకం నిజమేనని తోస్తుంది. పోటీచేసే అభ్యర్థి తనకు ఏ వరుస అవుతాడన్న ప్రశ్న అక్కడి ఓటరుకు తట్టదు. ఆదిలాబాదు అడవులలోని గోండు గూడెంలో ఈ ప్రశ్నే మొదటిది. ఊరికి కొత్తగా వచ్చిన గోండు తన ఇంటిపేరు చెప్పగానే అతని సగ ఏదో తెలిసిపోతుంది. సగ తెలిస్తే అతడు అన్నదమ్ముల వరుసో, బావమరుదుల వరుసో తేలిపోతుంది. ఎవరి ఇంటి పిల్లను అడగవచ్చు, ఎవరితో పరిహాసమాడవచ్చు, తగవు వచ్చినప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలి అన్న సంగతులన్నీ ఆ ఒక్క మాటతో ముడిపడి ఉంటాయి.

ఈ వ్యవస్థను అక్షరబద్ధం చేసినవారిలో ప్రథముడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో జన్మించిన ఈ పండితుడు రెండవ ప్రపంచయుద్ధం మొదలైన రోజులలో హైదరాబాదులో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు కలవాడు గనుక ఆంగ్ల ప్రభుత్వ దృష్టిలో శత్రుదేశీయుడు. నిజాం రాజ్యంలోనే ఉండవలసి రావడంతో చెంచులను, కొండరెడ్లను, తర్వాత గోండులను వరుసగా అధ్యయనం చేశాడు. 1945 తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగానూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యుడుగానూ పనిచేశాడు. ఈ పత్రిక పాఠకులకు ఇక్కడ మరొక ఆస్ట్రియా దేశస్థుడు గుర్తుకు రాకమానడు. హైదరాబాదు నుండి వెలువడిన ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికానికి పిక్తాల్ మరణానంతరం కొంతకాలం సంపాదకుడుగా ఉన్న ముహమ్మద్ అసద్‌ను కూడా అదే యుద్ధం శత్రుదేశీయుడిగా మార్చింది. ఆయన యుద్ధకాలమంతా నిర్బంధ శిబిరంలో గడిపాడు. ఒకరికి శిబిరం, మరొకరికి గోండ్వానా! అసద్ కుమారుని ప్రస్తావన ఈ వ్యాసంలో ముందు రాబోతున్నది గనుక ఈ సంగతి ఇక్కడ చెప్పుకోవడం అప్రస్తుతం కాదు.

హైమన్‌డార్ఫ్ గోండులపై వ్రాసిన గ్రంథాలలో ముఖ్యమైనవి మూడు. ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడింది. భార్య ఎలిజబెత్‌తో కలిసి వ్రాసిన ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ 1979లో వచ్చింది. మైఖేల్ యార్క్, జయప్రకాశ్ రావుల రచనలను కూడా కలుపుకొని 1982లో వచ్చినది ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివిన పాఠకునికి ఒక విచిత్రం కనిపిస్తుంది. మొదటి గ్రంథంలో సగలు, దేవతలు, పెండ్లి ఆచారాలు నిండుగా ఉన్నాయి. చివరి గ్రంథంలో భూమి అన్యాక్రాంతం కావడం, అటవీశాఖ ఆంక్షలు, వలసలు, ఎన్నికలు నిండుగా ఉన్నాయి. ఈ రెండింటి నడుమ ఉండవలసిన వంతెన మాత్రం లేదు. పెండ్లిని గురించి చెప్పేటప్పుడు భూమి వెనక్కు తగ్గుతుంది, భూమిని గురించి చెప్పేటప్పుడు పెండ్లి మరుగున పడుతుంది. అసలు విషయమంతా ఆ నడుమ ఉన్నదే.

ముందుగా గ్రంథకర్త సాధించినదేమిటో చెప్పుకోవాలి. తమను తాము కోయతూర్ అని పిలుచుకునే గోండులు నాలుగు సగలుగా విభజింపబడి ఉన్నారు: ఏడుగురు అన్నదమ్ముల సగ, ఆరుగురి సగ, అయిదుగురి సగ, నలుగురి సగ. గుహలో బంధింపబడిన గోండు దేవతలను పహండి కుపార్ లింగల్ విడిపించాడనీ, ఆ తర్వాతనే ఈ విభజన ఏర్పడిందనీ వారి పురాణం. ప్రతి సగలో అనేక వంశాలున్నాయి. ఆ వంశనామమే ఇంటిపేరు. వంశానికొక పెర్సపేన్, అనగా కులదైవం, ఆ దైవానికొక కటోడా, అనగా పూజారి, ఆ దైవగాథను పాడే పర్ధాను ఉంటారు. ఒకే సగకు చెందినవారు, వంశాలు వేరైనా, ఎంత దూరాన ఉన్నా, అన్నాచెల్లెళ్ళే. వారి మధ్య వివాహం ఊహించరాని దోషం. మేనమామ కూతురు, మేనత్త కూతురు మాత్రం పెండ్లికి అనుకూలమైన వరుసలు. ఓలి ఇచ్చుకోలేని యువకుడు అత్తవారింట కొన్నేండ్లు పనిచేసి పిల్లను పొందే పద్ధతి కూడా ఉంది.

ఈ నియమానికి రాజకీయ ఫలితం ఉంది. ఒకే సగవారు తమలో తాము వియ్యమందలేరు గనుక ఏ పెద్దవంశమూ తనలో తాను ముడుచుకొని ఒంటరిగా బతకలేదు. కోడలు తప్పనిసరిగా మరొక సగ నుండి రావాలి, కూతురు తప్పనిసరిగా మరొక సగకు వెళ్ళాలి. ఊరిలో తగవు తీర్చే పంచ్‌లో అన్నదమ్ముల పక్షంతోపాటు వియ్యాలవారి పక్షం కూడా ఉండక తప్పదు. గ్రంథంలో వర్ణించిన తగాదాలను చూడండి. ఓలి బాకీ, భార్య మరొకరితో వెళ్ళిపోవడం, వితంతువును మరిది చేసుకోవాలా వద్దా అన్న వివాదం, ఇలాంటివి అడుగడుగునా వస్తాయి. అంటే పంచ్ ప్రధానంగా పెండ్లి సమస్యలను తీర్చడం ద్వారానే అధికారాన్ని అభ్యసించింది. ఓలి తగవులో ఎవరి మాట చెల్లిందో వారి మాటే ఊరి మాట అయింది.

ఇక్కడ ఇస్లామీయ సమాజాలతో ఒక పోలిక అవసరం. గోండు చట్టంలో చిన్నాన్న కూతురు చెల్లెలు. అరబ్బులు, కుర్దులు మొదలైన అనేక ముస్లిం జాతులలో చిన్నాన్న కూతురే మొదటి వధువు. దివ్యఖుర్ఆన్ అన్నిసా అధ్యాయంలో (4:23) వివాహానికి నిషిద్ధులైన స్త్రీల పట్టిక ఉంది. అందులో సోదరుని కూతురు, సోదరి కూతురు ఉన్నారు గాని చిన్నాన్న పెదనాన్నల కూతుళ్ళు, మేనమామ మేనత్తల కూతుళ్ళు లేరు. వారిని చేసుకోవడం ధర్మసమ్మతమే, కాని విధి కాదు. షరీఅత్ అనుమతించిన నాలుగు తలుపులలో ఏది ఎక్కువగా తెరవాలో ఆయా జాతుల అవసరాలే నిర్ణయించాయి. (ఈ తెలుగు నేలపై అనేక హైందవ కులాలలో అక్క కూతురును చేసుకోవడం మామూలు కాగా అదే ఊరి ముస్లింకు ఆమె మహ్రమ్. ఒకే వీధిలో రెండు బంధుత్వ శాస్త్రాలు నడుస్తున్నాయన్నమాట.)

ఆ అవసరాలు ఎలాంటివో నార్వే పండితుడు ఫ్రెడ్రిక్ బార్త్ కుర్దిస్తాన్‌పై 1954లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసంలో చూపాడు. తన కూతురిని అన్న కుమారునికి ఇచ్చిన వ్యక్తి ఆ యువకుని విధేయతను కొనుక్కుంటున్నాడని ఆయన వాదం. సొంత రక్తంలోనే పోటీదారులున్నచోట ఆ పోటీదారును అల్లునిగా మార్చుకోవడం ఒక రాజకీయ జాగ్రత్త. అదే రచయిత స్వాత్ పఠానులపై 1959లో ప్రకటించిన గ్రంథంలో దీని రెండవ ముఖం కనిపిస్తుంది. పష్తూలో తర్బూర్ అంటే పెదనాన్న చిన్నాన్నల కుమారుడు. ఆ మాటకే ప్రత్యర్థి అన్న ధ్వని కూడా ఉంది. తాతగారి భూమిపై ఇద్దరికీ హక్కు ఉండటమే దీనికి కారణం. అందువల్ల స్వాత్‌లో ఖాను తన దాయాదులకు వ్యతిరేకంగా దూరపువారితో జట్టు కడతాడు, కూతురినిచ్చి ఆ జట్టును గట్టిపరుస్తాడు.

గోండు ఇందుకు భిన్నం. అక్కడ దాయాది శత్రువు కాడు. ఎందుకు కాడన్నదే హైమన్‌డార్ఫ్ అడగని ప్రశ్న. దాయాదుల మధ్య సఖ్యతను ఆయన గోండు స్వభావంగా, పురాణబలంగా చూశాడు. జవాబు ఆయన గ్రంథంలోనే వేరొకచోట ఉంది. పూర్వకాలపు గోండు ఊరు ఒకేచోట పాతుకుపోయింది కాదని ఆయనే వ్రాశాడు. అడవి విశాలం, భూమికి కరువు లేదు. కావలసినది మనుషులు, అరకలు. పాట్లా, అనగా ఊరిపెద్ద, తన వెంట ఎంతమందిని నిలుపుకోగలడో అంత పెద్ద. తగవు ముదిరితే ఒక పక్షం లేచి మరొక లోయకు వెళ్ళేది. అలాంటి లోకంలో దాయాదితో పంచుకోవడానికి భయపడవలసిన ఆస్తి లేదు. అత్తవారి ఊరికి వచ్చి స్థిరపడే అల్లుడు ఒక అరక, రెండు చేతులు, పంచ్‌లో ఒక గొంతు. అతడు లాభం.

ఈ లెక్క తలకిందులైన సంగతి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో ఉంది గాని పెండ్లితో ముడిపడలేదు. అటవీశాఖ రిజర్వు గీతలు గీసింది. బయటినుండి వచ్చిన రైతులు మైదాన భూములను ఆక్రమించారు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము పోలీసు తూటాలకు బలైన తర్వాత నిజాం ప్రభుత్వం మేల్కొన్నది. హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితిపై నివేదిక కోరింది. ఆయన సలహాలపై 1940ల మధ్యలో వేలాది గోండు కుటుంబాలకు లావణి పట్టాలు లభించాయి. 1356 ఫస్లీ (1946)లో గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది. 1359 ఫస్లీ (1949)లో అది మరింత విస్తృతంగా వెలువడి, గోండు పెద్దల పంచాయతీలకు తగవులు తీర్చే హక్కును గుర్తించింది. ఇవన్నీ మెచ్చుకోదగిన పనులే. ఈ సలహాదారు లేకపోతే ఆదిలాబాదు గోండుకు నేడున్న భూమి కూడా ఉండేది కాదు.

అయితే పట్టా ఇంటి యజమాని పేర వచ్చింది, సగ పేర రాలేదు. దానితోపాటే ఊరు కదలడం ఆగిపోయింది. ఎకరాలు లెక్కతేలిన ఊరిలో కొత్తగా వచ్చే అల్లుడు రెండు చేతులు కాదు, ఒక వాటాదారు. అన్నదమ్ముల కుమారులు సైతం మొదటిసారిగా ఒకరినొకరు తర్బూర్ కళ్ళతో చూసుకునే స్థితి వచ్చింది. వివాహ నియమం అక్షరం మారలేదు. నాలుగు సగలు అలాగే ఉన్నాయి, మేనరికం అలాగే ఉంది. ఆ నియమం వల్ల ఏర్పడే రాజకీయం మాత్రం మారిపోయింది. ఆచారం నిలిచి ఉంది గనుక సమాజం నిలిచి ఉందని గ్రంథకర్త ఊరట చెందినచోట పాఠకుడు జాగ్రత్తపడాలి.

బార్త్‌పై వచ్చిన విమర్శ ఇక్కడ అక్కరకు వస్తుంది. ముహమ్మద్ అసద్ కుమారుడు తలాల్ అసద్ 1972లో ప్రకటించిన వ్యాసంలో, స్వాత్ రాజకీయాన్ని ఖానుల మధ్య చదరంగంగా చిత్రించిన బార్త్, ఆ ఖానులకు పొలాలు దున్నే కౌలుదారులను పక్కకు నెట్టాడని చూపాడు. భూమి ఎవరిదో చెప్పకుండా విధేయతను గురించి చెప్పడం వృథా అని ఆ వాదం సారాంశం. హైమన్‌డార్ఫ్ దోషం ఇంతటిది కాదు. భూమిని ఆయన మరిచిపోలేదు. కాని బయటివాడు గోండు భూమిని కాజేసిన కథనే చెప్పాడు. గోండు లోపల మొకాసీ కుటుంబానికీ, పాట్లాకూ, అరకలేని గోండుకూ మధ్య ఉన్న ఎడాన్ని పెండ్లి ఎలా నిలబెట్టిందో ఆరా తీయలేదు. రాజవంశాలు తమ అంతస్తుకు తగిన ఇండ్లతోనే వియ్యమందడానికి మొగ్గుచూపాయన్న సంగతి ఆయన పేజీలలో ఉంది. దానినుండి తీయవలసిన నిర్ణయం మాత్రం తీయలేదు. సలహాదారుగా ఆయన అధికారం అప్పగించమన్నది ఆ పెద్దలకే. తాను వర్ణించిన వ్యవస్థలో పైమెట్టున ఉన్నవారి మాటనే ఆయన వ్యవస్థ మాటగా విన్నాడేమో అన్న సందేహం కలుగుతుంది.

కొమరం భీము ఉద్యమం ఈ సందేహాన్ని బలపరుస్తుంది. బాబేఝరి, జోడేఘాట్ మొదలైన పన్నెండు గ్రామాల ఆ పోరాటంలో గోండులతోపాటు కొలాములు కూడా నిలిచారు. గోండులకూ కొలాములకూ వియ్యం లేదు. వారిని కలిపినది సగ కాదు, కోల్పోతున్న పోడు. పెండ్లి గీసిన హద్దును భూమి దాటగలదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. బంధుత్వమే గిరిజన రాజకీయానికి మూలమని చదువుకొన్నవారు తేలికగా చెప్పే మాట ఇక్కడ నిలువదు.

ఇబ్నె ఖల్దూన్ (హి.శ. 732–808) ఈ సూక్ష్మాన్ని ఆరు శతాబ్దాల క్రితమే గ్రహించాడు. ఆయన ‘ముఖద్దిమా’లోని అసబియ్యత్ సిద్ధాంతాన్ని రక్తబంధుత్వ సిద్ధాంతంగా మాత్రమే బోధించడం పరిపాటి. నిజానికి నసబ్ అనేది ఒక భావన మాత్రమేననీ, దానివల్ల కలిగే సాన్నిహిత్యం, పరస్పర సహాయమే దాని ప్రయోజనమనీ ఆయన స్పష్టంగా చెప్పాడు. మైత్రి ద్వారా, ఆశ్రయం ద్వారా ఒక తెగవాడు మరొక తెగలో కలిసిపోతాడనీ, కాలం గడిచేకొద్దీ పాత మూలం మరుగున పడుతుందనీ కూడా చెప్పాడు. కాని ఆ మహనీయుని దృష్టి తండ్రి వరుసపైనే. కోడలిని గురించి ఆయన చెప్పినది స్వల్పం. ఆ ఖాళీని పూరించగల సామగ్రి గోండు గ్రంథాలలో ఉంది.

అందుకు కేస్లాపూర్‌ను మించిన నిదర్శనం లేదు. ఇంద్రవెల్లి సమీపంలోని ఈ గ్రామంలో ప్రతి యేడు పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయుల నాగోబా జాతర ఆరంభమవుతుంది. వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్ళి గోదావరి నీరు తెస్తారు. మెస్రం ఇంటి అల్లుళ్ళకు, ఆడపడుచులకు పుట్ట మట్టి మెదిపే పనిలో వంతు ఉంటుంది. అంటే వంశదేవత పూజలో ఇతర సగలవారికి కూడా స్థానం ఉంది. ఆ రాత్రి ‘భేటింగ్’ జరుగుతుంది. కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్లని వస్త్రం కప్పుకొని దేవతకు పరిచయం చేయబడతారు. ఆ పరిచయంతోనే ఆమె మెస్రం ఇంటి మనిషి అవుతుంది. దీని తర్వాత కొద్దిరోజులకే అదే జాతరలో దర్బారు జరుగుతుంది. జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు కూర్చొని గిరిజనుల విన్నపాలు వింటారు. 1940లలో ఈ దర్బారుకు నాంది పలికినవాడు హైమన్‌డార్ఫే. ప్రభుత్వం గోండును వెతుక్కుంటూ వచ్చిన చోటు తాలూకా కచేరీ కాదు, కోడళ్ళను వంశంలో కలుపుకొనే చోటు! తానే నెలకొల్పిన ఈ కలయికలోని అర్థాన్ని ఆయన తన గ్రంథంలో ఎక్కడా విప్పలేదు. విన్నపం తెచ్చే మనిషి వెనుక వంశం ఉందనీ, వంశం వెనుక వియ్యాలవారు ఉన్నారనీ ఆయనకు తెలియదని అనుకోలేము. సలహాదారుకు తెలిసినది శాస్త్రజ్ఞునికి అక్కరలేకపోయింది.

ఇక స్వతంత్ర భారతంలో కథ మరొక మలుపు తిరిగింది. ఎవరు గిరిజనుడు అన్న ప్రశ్న పంచ్ నుండి న్యాయస్థానానికి చేరింది. 1957 ఎన్నికలలో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గంలో, అప్పటికే కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసిన వి. వి. గిరి ఓడిపోయారు. రిజర్వుడు స్థానానికి అర్హత కలిగిన ఇద్దరు గిరిజన అభ్యర్థులే రెండు స్థానాలూ గెలిచారు. వారిలో ఒకరైన డిప్పల సూరిదొర ఇక గిరిజనుడు కాడని గిరి వాదన. ఆ కుటుంబం తమను క్షత్రియులుగా చెప్పుకొన్నదనీ, యజ్ఞోపవీతం ధరించిందనీ, క్షత్రియ పద్ధతిలో పెండ్లిళ్ళు చేసిందనీ సాక్ష్యాలు తెచ్చారు. 1959లో సుప్రీం కోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. పుట్టుకతో వచ్చినది పెండ్లి తంతు మార్చుకొన్నంత మాత్రాన పోదని తీర్పు సారాంశం.

పదమూడేండ్ల తర్వాత అదే న్యాయస్థానం మరొక కోణం చూసింది. 1928 ఒలింపిక్ హాకీ జట్టు నాయకుడు, రాజ్యాంగసభ సభ్యుడు అయిన జైపాల్ సింగ్ ముండా 1970లో మరణించగా ఆయన భార్య జహనారా నామినేషన్ వేశారు. ఆమె పుట్టుకతో ముండా కాదు గనుక నామినేషన్ తిరస్కరించబడింది. 1972లో సుప్రీం కోర్టు, ఆ వివాహాన్ని ముండా పెద్దలు ఆమోదించి ఆమెను తమలో కలుపుకొన్నారు గనుక ఆమె ఆ తెగ మనిషే అని తేల్చింది. ఒక తీర్పులో పుట్టుక, మరొక తీర్పులో భేటింగ్! 2012లో గుజరాత్ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో, గిరిజన తల్లికీ గిరిజనేతర తండ్రికీ పుట్టిన బిడ్డ తప్పనిసరిగా తండ్రి కులమే అవుతాడన్న నియమం లేదనీ, ఆ బిడ్డ ఏ సమాజంలో పెరిగాడో, ఏ కష్టాలు అనుభవించాడో చూడాలనీ అదే కోర్టు చెప్పింది. ఇబ్నె ఖల్దూన్ చదివినవారికి ఈ మూడు తీర్పుల మధ్య వైరుధ్యం అంతగా కనబడదు.

కాని న్యాయస్థానంలో ఉదారంగా తోచే సూత్రం ఏజెన్సీలో కత్తిగా మారవచ్చు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది. 1970 నాటి సవరణతో, అనగా ప్రజలు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలుచుకునే చట్టంతో, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరునికి భూమి బదలాయించడం పూర్తిగా నిషేధింపబడింది. కొనడానికి దారి మూసుకొనిపోయినప్పుడు కొందరు పెండ్లి తలుపు తట్టారు. గిరిజన యువతిని చేసుకొని లేదా ఉంచుకొని, ఆమె పేర భూమి తీసుకొని, పెత్తనం తామే చేయడం రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీలలోనూ ఏండ్ల తరబడి వినవస్తున్న ఫిర్యాదు. భూమితోనే ఇది ఆగదు. పంచాయతీ రాజ్ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 చట్టం ప్రకారం అక్కడి సర్పంచు పదవులన్నీ గిరిజనులకే. మహిళలకు సగం స్థానాలు ఉన్నాయి. ఆమె పేర పొలం ఉన్నట్లే ఆమె పేర పదవి కూడా ఉండవచ్చు.

ఒకప్పుడు లాభంగా ఉండి, పట్టా వచ్చాక వాటాదారుగా మారిన అల్లుడు ఇక్కడ మూడవ అవతారం ఎత్తాడు. ఈ అల్లునికి సగ లేదు, పెర్సపేన్ లేదు, పంచ్‌లో అతనిని నిలదీయగల వియ్యాలవారు లేరు. గోండు వివాహంలో కోడలికి ఏదైనా అన్యాయం జరిగితే అడగడానికి ఆమె పుట్టింటి సగ ఉంది. ఓలి లెక్క ఉంది. ఇక్కడ ఆమెకు ఆ అండ పోతుంది. ఎందుకంటే అలాంటి సంబంధంలోకి వెళ్ళిన స్త్రీని వెలివేయడమే పంచ్ ఆనవాయితీ. వెలి హద్దును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. భూమి ఆమె పేర, పెత్తనం ఆయన చేతిలో, ఊరు ఆమెకు వెలుపల! 1982 గ్రంథంలో భూమి చేతులు మారిన పద్ధతులు అనేకం వర్ణించబడ్డాయి గాని, ఈ స్త్రీ కథకు అందులో దక్కవలసిన స్థలం దక్కలేదు. పంచ్‌ను అంత ప్రేమతో వర్ణించిన రచయిత దాని ఈ వైఫల్యం ముందు మౌనం వహించడం గ్రంథంలోని పెద్ద లోపం.

రిజర్వేషన్ల రాజకీయంలో పెండ్లి హద్దు మరొకచోట బయటపడింది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. జాబితా ఒకటయింది గాని గోండులకూ లంబాడాలకూ వియ్యం లేదు, భాష వేరు, దైవం వేరు. ఒకే సీటుకు ఇరువురూ పోటీదారులయ్యారు. ఆదిలాబాదు లోక్‌సభ స్థానం గిరిజనులకు రిజర్వు అయ్యాక 2009లో లంబాడా అభ్యర్థి రమేశ్ రాథోడ్ గెలిచారు. 2014లో గోడం నగేశ్, 2019లో సోయం బాపురావు, 2024లో మళ్ళీ గోడం నగేశ్ గెలిచారు. గోడం, సోయం, ఆత్రం, కోవ అనే ఇంటిపేర్లు నగరపు పత్రికా పాఠకునికి ఉత్త పేర్లు. గోండు ఓటరుకు అవి వరుసలు. అయినా ఇంత పెద్ద నియోజకవర్గంలో సగ లెక్కతో గెలుపోటములు తేలుతాయనడం అతిశయోక్తి. పార్టీ, ధనం, లంబాడా వ్యతిరేకత, వీటి పాలు ఎక్కువ. సగ లెక్క నిజంగా పనిచేసేది ఊరిలో. 2018 పంచాయతీ రాజ్ చట్టంతో తెలంగాణలో తండాలు, గూడేలు వేరు పంచాయతీలయ్యాయి. కొద్ది వందల ఓట్లున్న గూడెంలో రెండు మూడు వంశాలు, వాటి వియ్యాలవారు కలిస్తే ఊరంతా అయిపోయింది. అక్కడ ‘ఏకగ్రీవం’ అన్న మాట విన్నప్పుడు అది పంచ్ పాత వివేకమా, రెండు ఇండ్ల మధ్య కుదిరిన ఒప్పందమా అని విచారించాలి. ఏకగ్రీవానికి ప్రభుత్వం ప్రకటించే నగదు ప్రోత్సాహకం ఈ విచారణను మరింత అవసరం చేస్తుంది.

ఈ వర్ణన చదివి గోండులు వెనుకబడినవారు గనుక ఇలా ఉన్నారని తీర్మానించే ముస్లిం పాఠకుడు తన ఇంటివైపు కూడా ఒకసారి చూడాలి. నికాహ్‌లో కుఫూ, అనగా సరిజోడు, విషయమై ఫిఖ్‌హ్ పండితులలో అభిప్రాయభేదం ఉంది. హనఫీలు వంశాన్ని లెక్కలోకి తీసుకొన్నారు, ఇమామ్ మాలిక్ ధర్మనిష్ఠకే ప్రాధాన్యమిచ్చారు. ఆచరణలో మాత్రం బిరాదరీ పేరు అడగకుండా సంబంధం మాట్లాడే ఇండ్లు ఎన్ని? మస్జిద్ కమిటీ ఎన్నికలో ఆ బిరాదరీ మళ్ళీ తలెత్తదా? గోండు తన సగను దాచుకోడు. తేడా అంతవరకే.

హైమన్‌డార్ఫ్ వదలిన పని ఒకటి ఉంది. తార్నాకలో, ఉస్మానియా ఆవరణకు ఆనుకొన్నట్లే, రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం ప్రభుత్వపు ఉర్దూ, ఫార్సీ కాగితాలు అక్కడ భద్రపరచబడి ఉన్నాయి. హైమన్‌డార్ఫ్ గ్రంథాలకు ప్రాణం మౌఖిక కథనం: పర్ధానుల పాట, పాట్లాల జ్ఞాపకం. గిరిజన ప్రాంతాల రెవెన్యూ కాగితాలలోని పేర్లను ఊరూరా ఆ సగలతో సరిపోల్చినవారు కనబడరు. ఏ వంశానికి ఎంత భూమి వచ్చింది, ఏ అల్లుడు ఎప్పుడు ఊరు విడిచాడు, ఏ వితంతువు పట్టా ఏ మరిది పేరకు మారింది అన్న ప్రశ్నలకు జవాబు దొరకవలసింది ఆ సరిపోలికలోనే. ఉర్దూ చదవగలిగి, గోండీ వినగలిగిన పరిశోధకుడు అందుకు కావాలి. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఆరంభమైన విశ్వవిద్యాలయం పక్కనే ఆ కాగితాలు ఉన్నాయి. చదివేవారు ఏటేటా తగ్గుతున్నారు.